నాన్సీ హ్యాంక్స్ పుట్టింటి దారిలో

అధ్యక్ష పదవికి తన పేరు వినిపించడం మొదలైన రోజుల్లో, 1859 డిసెంబరులో, అబ్రహాం లింకన్ తన మిత్రుడు జెస్సీ ఫెల్ కోరిక మీద తన జీవితం గురించి చిన్న కథనమొకటి రాసి ఇచ్చాడు. తండ్రి తరఫు వారి సంగతి వచ్చినప్పుడు తాత వర్జీనియా నుంచి కెంటకీకి వలస రావడం, అక్కడ ఆదివాసుల చేతిలో చనిపోవడం, అంతకు ముందు తరాలవారు పెన్సిల్వేనియాలో ఉండడం, అన్నీ ఓపికగా చెప్పుకొచ్చాడు. తల్లి నాన్సీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె ఇంటిపేరు హ్యాంక్స్ అనీ, తన పదో ఏట ఆమె చనిపోయిందనీ, ఆ హ్యాంక్సులలో కొందరు ఇల్లినాయ్‌లోని ఆడమ్స్, మేకన్ కౌంటీల్లో ఉంటున్నారనీ రాసి ఊరుకున్నాడు. ఆమె తల్లిదండ్రుల పేర్లు గానీ, ఆమె పుట్టిన ఊరు గానీ అందులో లేవు. వంశచరిత్రలు రాసేవారు అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ కొద్ది మాటల చుట్టూనే తిరుగుతున్నారు.

లూయీవిల్‌లో ఉంటున్న మా బావమరిది ఇంటికి అక్టోబరు మొదట్లో వెళ్లినప్పుడు, నాన్సీ హ్యాంక్స్ జాడ దొరికే కౌంటీలను ఆమె జీవితం నడిచిన వరుసలోనే చూడాలని బయలుదేరాను. ఆమె పుట్టిందని చెప్పుకునే చోటు ఈనాటి వెస్ట్ వర్జీనియాలోని మినరల్ కౌంటీలో ఉంది. ఆ కాలంలో అది వర్జీనియాలోని హాంప్‌షైర్ కౌంటీలో భాగం. 1782 నాటి జాబితాలో అక్కడ జోసెఫ్ హ్యాంక్స్ అనే రైతు ఇంట్లో 11 మంది ఉన్నట్టు నమోదైంది. 1784 మార్చిలో ఆయన తన 108 ఎకరాలను తాకట్టు పెట్టి, సంసారాన్ని తీసుకుని కెంటకీ దారి పట్టాడు. నాన్సీ పుట్టినది ఆ ఏడాది ఫిబ్రవరి 5న అని అంటారు గానీ, పుట్టుకను నమోదు చేసిన కాగితం ఏదీ లేదు. తాకట్టుతో ఆ ఊరితో ఋణం తీరిపోయింది కనుక, ఆ కుటుంబం వచ్చి చేరిన కెంటకీలోనే వెతుకులాట మొదలుపెట్టడం మేలని తోచింది. అవసరమైన పాత కాగితాల నకళ్లను ముందే సంపాదించి ఒక సంచిలో పెట్టుకున్నాను.

గురువారం, హరాడ్స్‌బర్గ్

హరాడ్స్‌బర్గ్ 1774లో వెలసిన ఊరు. ఆనాటి కోటను ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ కట్టి రాష్ట్ర ప్రభుత్వం ఉద్యానవనంగా నడుపుతోంది. ఆ ఆవరణలోనే ఎర్ర ఇటుకల మందిరం ఒకటి ఉంది. దానిలోపల, భవనంలో భవనంలాగా, ఒక దుంగల గుడిసె నిలిచి ఉంది. నాన్సీకి, అబ్రహాం తండ్రి థామస్ లింకన్‌కు పెళ్లి జరిగిన గుడిసె ఇదేనని చెబుతారు. పెళ్లి జరిగినది ఇక్కడ కాదు, పొరుగున ఉన్న వాషింగ్టన్ కౌంటీలో. 1911లో ఆ గుడిసెను విప్పి ఇక్కడికి తెచ్చారు, 1931లో దానిచుట్టూ ఈ ఇటుకల గోడలు లేచాయి. దుంగల చివర్లను గాడి తీసి ఒకదాని మీద ఒకటి ఇమిడ్చిన తీరు దగ్గరగా చూస్తే గొడ్డలి దెబ్బల పలకలు ఇంకా వేలికి తెలుస్తున్నట్టే ఉన్నాయి. పెళ్లి జరిగిన ఇల్లు ఒక కౌంటీలో, పెళ్లి కాగితం మరొక కౌంటీలో ఉండడం ఈ ప్రయాణానికి తగిన ఆరంభమే అనిపించింది.

నేను హరాడ్స్‌బర్గ్ వచ్చింది నిజానికి గుడిసె కోసం కాదు. ఇది మెర్సర్ కౌంటీ కేంద్రం. నాన్సీ తల్లి అని ఇప్పుడు చాలామంది పరిశోధకులు ఒప్పుకునే లూసీ హ్యాంక్స్ పేరు కాగితం మీద కనిపించేది ఇక్కడే, అదీ గౌరవప్రదమైన సందర్భంలో కాదు. 1789 నవంబరులో ఈ కౌంటీ గ్రాండ్ జ్యూరీ ఆమె మీద వ్యభిచార నేరం మోపింది. అప్పటికి కెంటకీ ఇంకా వర్జీనియాలో భాగమే. పెళ్లి కాకుండా కాపురం చేసే ఆడవాళ్ల మీద ఇటువంటి ఆరోపణలు ఆ సరిహద్దు ఊళ్లలో అరుదు కాదు. అయితే ఒక పేద రైతు కూతురు పేరు ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కడానికి అదే దారి కావడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఆ తరువాతి కాగితం తేదీ 1790 ఏప్రిల్ 26. హెన్రీ స్పారో అనే యువకుడు లూసీని పెళ్లాడేందుకు అనుమతి పత్రం కోరాడు. ఆమె తరఫున తండ్రి గానీ, అన్న గానీ సమ్మతి తెలపలేదు. ఆమే స్వయంగా ఒక చీటీ రాసి ఇచ్చింది. తాను యుక్తవయసు దాటినదాననీ, హెన్రీ స్పారో ఈ రోజైనా, మరే రోజైనా అనుమతి తీసుకోవడానికి మనఃపూర్వకంగా ఒప్పుకుంటున్నాననీ దాని సారాంశం. అక్షరదోషాలు ఉన్నాయి, కింద మాత్రం తన పేరు తానే రాసుకుంది. పెళ్లి వెంటనే జరగలేదు. 1791 ఏప్రిల్ 3న జాన్ బెయిలీ అనే బాప్టిస్టు బోధకుడు ఆ పెళ్లి జరిపించాడు. ఆనాటికి నాన్సీకి ఏడేళ్లు.

కోట పక్కన బల్ల మీద కూర్చుని నేను ఆ నకలును బావమరిదికి చూపించాను. అతడు దాన్ని రెండుసార్లు చదివి, "బావా, కోర్టు వాళ్లు పిలిచి సంవత్సరం కూడా తిరక్కుండానే ఈ చీటీ రాసిందంటే ఆవిడ భయపడే రకం కాదనుకుంటా" అన్నాడు. "భయపడే రకమైతే ఇంకొకరి చేత రాయించుకునేది" అన్నాను.

పెళ్లి తరువాత కూతురు తల్లి దగ్గర పెరగలేదు. అమ్మమ్మ ఇంట కొన్నాళ్లు, పినతల్లి ఎలిజబెత్ ఇంట కొన్నాళ్లు ఉందని బంధువుల కథనాలు చెబుతాయి. ఎలిజబెత్ 1796లో హెన్రీ తమ్ముడు థామస్ స్పారోను పెళ్లాడింది కనుక, అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లయ్యారు. దీనివల్ల తరువాతి తరాలకు తలనొప్పి మిగిలింది. లింకన్‌తో కలిసి పెరిగిన డెనిస్ హ్యాంక్స్, నాన్సీ ఇంటిపేరు హ్యాంక్స్ కాదనీ, స్పారో అనీ ముసలితనంలో పట్టుబట్టి చెప్పాడు. పరువు కాపాడాలన్న ఆరాటం ఆయన మాటల్లో కనిపిస్తుంది. అందుకే డెనిస్ చెప్పిన ప్రతి మాటనూ మరొక కాగితంతో సరిచూసుకోవలసి వస్తుంది.

శుక్రవారం, స్ప్రింగ్‌ఫీల్డ్, బార్డ్స్‌టౌన్

స్ప్రింగ్‌ఫీల్డ్ నడిబొడ్డున ఉన్న వాషింగ్టన్ కౌంటీ న్యాయస్థానం 1816లో కట్టినది. కెంటకీలో ఇప్పటికీ వాడుకలో ఉన్న న్యాయస్థాన భవనాల్లో ఇదే పాతది. నాన్సీ పెళ్లినాటికి ఈ భవనం లేదు, కాగితాలు మాత్రం ఈ కౌంటీ గుమస్తాల చేతుల మీదుగా మిగిలాయి.

ఇక్కడి పత్రం 1806 జూన్ 10 నాటి పెళ్లి పూచీకత్తు. ఆ కాలపు కెంటకీలో పెళ్లికొడుకు ఒక జామీనుదారుతో కలిసి రాష్ట్ర గవర్నరు పేర 50 పౌన్లకు బాండు రాసి ఇచ్చేవాడు. పెళ్లికి చట్టపరమైన అడ్డంకి ఏదీ లేకపోతే బాండు రద్దయిపోతుంది, ఉంటే ఆ సొమ్ము కట్టవలసి వస్తుంది. సొమ్ము చేతులు మారే పనే లేదు, అది మాట తప్పనని ఇచ్చే హామీ. థామస్ లింకన్ సంతకం, దాని కింద రిచర్డ్ బెర్రీ సంతకం, బెర్రీ పేరు పక్కన తాను సంరక్షకుడినన్న మాట ఉన్నాయి. ఆ కాగితంలో నాన్సీ పేరు ఉంది గానీ ఆమె చేతిరాత లేదు. పెళ్లికూతురు సంతకం ఎవరికీ అవసరం లేదు.

సంరక్షకుడన్న ఆ ఒక్క మాట మీద పరిశోధకులు చాలా ఇంకు ఖర్చు చేశారు. 1784లో పుట్టి ఉంటే పెళ్లినాటికి ఆమెకు 22 ఏళ్లు. 21 దాటిన పిల్లకు చట్టప్రకారం సంరక్షకుడి సమ్మతి అక్కరలేదు. మరి బెర్రీ ఆ మాట ఎందుకు చేర్చాడు? తల్లిదండ్రులు ఇద్దరూ లేని అనాథ కాబట్టే అలా రాశాడని ఒక పక్షం వాదించింది. తన ఇంట్లో ఉంటున్న పిల్ల బాధ్యత తనదని చెప్పడానికే రాశాడని మరొక పక్షం అంటుంది. నాకు రెండో మాటే సబబుగా తోస్తుంది. తల్లి పక్క కౌంటీలో వేరే సంసారంలో ఉంది, తండ్రి అని చెప్పుకోవడానికి ఎవరూ లేరు, తాత చనిపోయి పదమూడేళ్లయింది. కన్యాదాత స్థానంలో నిలబడిన మనిషి తన హోదా ఏమిటో గుమస్తాకు ఏదో ఒక మాటలో చెప్పాలి కదా.

జూన్ 12న జెస్సీ హెడ్ అనే మెథడిస్టు బోధకుడు ఆ పెళ్లి జరిపించి, తాను చేయించిన పెళ్లిళ్ల పట్టికలో వారి పేర్లు చేర్చి మరుసటి ఏడాది గుమస్తాకు అప్పగించాడు. ఈ రెండు కాగితాలు 1870ల చివర దాకా ఎవరి కంటా పడలేదు. వెతికినవారందరూ హార్డిన్ కౌంటీలో వెతికారు, ఎందుకంటే ఆ దంపతులు కాపురం పెట్టింది అక్కడ. కాగితం దొరకకపోయేసరికి అసలు పెళ్లే జరగలేదన్న పుకారు లేచింది, దాని తోకగా లింకన్ తండ్రి వేరొకరన్న కథలు పుట్టుకొచ్చాయి. పెళ్లి పెళ్లికూతురు ఉంటున్న ఊరిలో జరుగుతుందన్న చిన్న సంగతి మరిచిపోయి, మగవాడి ఊరి పుస్తకాలే తిరగేయడం వల్ల వచ్చిన చిక్కు అది. వాషింగ్టన్ కౌంటీ గుమస్తా ఆ బాండును బయటికి తీసేనాటికి లింకన్ చనిపోయి పన్నెండేళ్లు దాటింది.

ఊరికి ఐదు మైళ్ల ఉత్తరాన లింకన్ పేర ఒక రాష్ట్ర ఉద్యానవనం ఉంది. అందులో బెర్రీల రెండంతస్తుల దుంగల ఇల్లు అసలుదే. నాన్సీ ఇక్కడ ఉంటూ బట్టలు కుట్టేదనీ, థామస్ ఇక్కడికే వచ్చి ఆమెను పెళ్లికి అడిగాడనీ చెబుతారు. పక్కనే థామస్ తల్లి బత్‌షెబా ఉన్న గుడిసెకు నకలు కట్టారు. వాటి చుట్టూ గోల్ఫ్ మైదానం విస్తరించి ఉంది. మేము వెళ్లేసరికి ఆటగాళ్లు ఇద్దరు చక్రాల బండిలో ఆ ఇంటి ముందు నుంచి తమ మానాన తాము సాగిపోతున్నారు.

మధ్యాహ్నం బార్డ్స్‌టౌన్ చేరాము. నెల్సన్ కౌంటీకి చెందిన ఈ ఊరితో ముడిపడినది జోసెఫ్ హ్యాంక్స్ వీలునామా, 1793 జనవరి నాటిది. వర్జీనియాలో పొలం తాకట్టు పెట్టి వచ్చిన మనిషి ఇక్కడ పిల్లలకు ఏమి పంచాడో చూస్తే ఆ ఇంటి కలిమి ఎంతో తెలిసిపోతుంది. కొడుకులకు తలా ఒక గుర్రం. కూతుళ్లకు తలా ఒక పెయ్యదూడ. 150 ఎకరాల భూమి కడగొట్టు కొడుకు జోసెఫ్‌కు, అదీ తల్లి అనుభవం తీరిన తరువాత. గుర్రాలకూ పెయ్యలకూ కూడా పేర్లున్నాయి. నాన్సీ అనే కూతురికి దక్కిన పెయ్య పేరు పైడీ.

ఆ నాన్సీ దగ్గరే మొత్తం వంశచరిత్ర అడ్డదారి తొక్కింది. 1899లో కారొలైన్ హ్యాంక్స్ హిచ్‌కాక్ అనే ఆమె ఈ వీలునామాను వెలికితీసి, లింకన్ తల్లి ఇందులోని నాన్సీయేనని ప్రకటించింది. చక్కని తండ్రి, చక్కని వీలునామా, చక్కని పెయ్యదూడ, అపవాదుకు తావే లేదు. చదివినవారందరికీ ఊపిరి తీసుకున్నట్టయింది. చిక్కేమిటంటే ఆ ఇంట నాన్సీలు ఇద్దరు. పైడీని అందుకున్న నాన్సీ జోసెఫ్ కూతురు, డెనిస్ హ్యాంక్స్‌ను కన్నతల్లి, తరువాత లీవై హాల్ అనే అతణ్ని పెళ్లాడి ఇండియానాకు వెళ్లిన మనిషి. మన నాన్సీ ఆమెకు అక్క కూతురు. 1920లలో విలియం బార్టన్ ఈ ఇద్దరినీ విడదీసి చూపించాడు.

వీలునామాలో లూసీ పేరు లేదు. ఎలిజబెత్, పాలీ, నాన్సీ, ముగ్గురు కూతుళ్లకు పెయ్యలు దక్కాయి. రెండేళ్ల కిందటే పెళ్లయి మెర్సర్ కౌంటీలో బతికి ఉన్న లూసీకి ఏమీ దక్కలేదు. పెళ్లయి వెళ్లిపోయింది కనుక ఇవ్వలేదేమో, లేదా కోర్టు గొడవ తరువాత తండ్రి ఆమెను లెక్కలోంచి తీసేశాడేమో. అసలామె జోసెఫ్ కూతురే కాదనీ, షిప్లీ అనే కుటుంబంలో పుట్టి హ్యాంక్సుల ఇంటికి కోడలిగా వచ్చిన వితంతువనీ మరికొందరు వాదించారు. పెద్ద రిచర్డ్ బెర్రీ (సీనియర్) భార్య కూడా షిప్లీల ఆడపడుచే కావడం ఆ వాదానికి బలం ఇచ్చింది. ఆ లెక్కన లూసీ పెళ్లికాని తల్లి కాదు, నాన్సీ పుట్టుకకు మచ్చ లేదు. చాలామంది పాఠకులు ఈ వాదాన్నే నమ్మాలనుకున్నారంటే ఆశ్చర్యం లేదు. మన ఇళ్లలో వంశవృక్షం గీసేటప్పుడు కూడా ఇబ్బందిపెట్టే కొమ్మను చిత్రకారుడు చడీచప్పుడు లేకుండా వదిలేయడం తెలియనిది కాదు.

శనివారం, ఎలిజబెత్‌టౌన్, హాడ్జెన్‌విల్

ఎలిజబెత్‌టౌన్‌లో కొత్త దంపతులు కాపురం పెట్టారు. థామస్ వడ్రంగం పని చేసేవాడు. 1807 ఫిబ్రవరి 10న కూతురు సారా పుట్టింది. ఇక్కడి గుమస్తా శామ్యూల్ హేక్రాఫ్ట్, ఊరి పాత సంగతులు తెలిసినవాడు, 1860లో లింకన్‌కు ఉత్తరం రాసినప్పుడు తల్లి పేరు విషయంలో పొరబడ్డాడు. లింకన్ ఆ ఏడాది మే 28న జవాబు రాస్తూ తన తల్లి పుట్టింటి పేరు నాన్సీ హ్యాంక్స్ అని స్పష్టం చేశాడు. తాను పుట్టింది ఎలిజబెత్‌టౌన్‌లో కాదనీ, అక్కడ పుట్టింది తనకంటే రెండేళ్లు పెద్దదైన అక్క అనీ సరిదిద్దాడు. ఊరి గుమస్తాకే గుర్తు లేకుండా పోయింది. ఆమె పన్నెండేళ్ల సంసారంలో ఈ ఊళ్లో ఉన్నది చాలా కొద్ది కాలం, థామస్ తరువాత పెళ్లి చేసుకున్న, లింకన్ సవతి తల్లి శాలీ బుష్ ఈ ఊరి ఆడపడుచు.

ఈ కౌంటీ కాగితాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది 1814 అక్టోబరు నాటి విక్రయ దస్తావేజు. మిల్ క్రీక్ దగ్గరున్న పొలాన్ని థామస్ అమ్మినప్పటిది. భర్త ఆస్తిలో భార్యకు వితంతు హక్కు ఉండేది కనుక, ఆమె సమ్మతి లేకుండా అమ్మకం పూర్తి కాదు. గుమస్తా ఆమెను భర్తకు దూరంగా, విడిగా ప్రశ్నించి, బలవంతం లేదని తేల్చుకుని రాసుకునే పద్ధతి. దస్తావేజులో థామస్ సంతకం ఉంది. నాన్సీ పేరు గుమస్తా రాస్తే, దాని మధ్యలో ఆమె నిశానీ గీత పెట్టింది. 1790లో తల్లి తన పేరు తాను రాసుకుంది, 1814లో కూతురు నిశానీ పెట్టింది. నాన్సీకి చదవడం వచ్చునని బంధువులు చెప్పారు, చదవడం వచ్చి రాయడం రానివారు ఆ ప్రాంతంలో చాలామంది. అయినా తల్లీకూతుళ్ల ఈ రెండు గుర్తులు పక్కపక్కన పెట్టి చూస్తే, పెళ్లయి వెళ్లిన తల్లి ఆ కూతురికి తన చదువును అందించలేకపోయిందని అనుకోక తప్పదు.

హాడ్జెన్‌విల్ దగ్గరి సింకింగ్ స్ప్రింగ్ పొలం థామస్ 1808 డిసెంబరులో 200 డాలర్లకు కొన్నది. 1809 ఫిబ్రవరి 12న అబ్రహాం ఇక్కడ పుట్టాడు. ఇప్పుడు అక్కడ రాతి ఆలయం ఉంది. 56 మెట్లు ఎక్కితే ఆలయం, లింకన్ బతికిన ఏళ్లు అన్ని. లోపల ఉన్న గుడిసె ఆయన పుట్టినదే అని ఒకప్పుడు చెప్పేవారు. 2004లో దుంగల వలయాలు లెక్కించి చూస్తే, వాటిలో పాతది కూడా 1848 నాటి చెట్టుదని తేలింది. ఇప్పుడు దాన్ని సంకేతంగానే చూపుతున్నారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఆలయం పక్కన కొండ అడుగున ఊట మాత్రం అసలుదే. రాళ్ల మధ్య దిగి లోపలికి వెళ్లిపోయే ఆ నీళ్లను నాన్సీ కడవల్లో మోసుకుని ఉంటుంది.

నాబ్ క్రీక్‌కు వారు 1811లో మారారు, అక్కడ థామస్ అనే మూడో బిడ్డ పసితనంలోనే పోయాడు. భూమి హక్కుల తగాదాలు పెరిగి 1816 చివర్లో కెంటకీని వదిలేశారు. కెంటకీలో ఒకే నేలకు ఇద్దరు ముగ్గురు పట్టాలు తెచ్చుకునేవారు. ఇండియానాలో మాత్రం ప్రభుత్వమే చదరాలుగా కొలిచి అమ్మేది. లింకన్ కూడా తండ్రి వలసకు ఈ భూమి చిక్కులను ఒక కారణంగా రాశాడు.

ఆదివారం, లింకన్ సిటీ

ఓవెన్స్‌బొరో దాటి ఒహయో నది మీదుగా ఇండియానాలోని రాక్‌పోర్ట్ వైపు దిగాము. ఇక్కడి స్పెన్సర్ కౌంటీ గడియారం కెంటకీ తూర్పు భాగం కంటే గంట వెనక. లిటిల్ పిజన్ క్రీక్ దగ్గర థామస్ అడవి కొట్టి ఇల్లు కట్టి, 1817 అక్టోబరులో విన్సెన్స్ భూమి కార్యాలయంలో పొలాన్ని తన పేర నమోదు చేయించుకున్నాడు. ఆ ఏడాదే నాన్సీని పెంచిన పినతల్లి ఎలిజబెత్, ఆమె భర్త థామస్ స్పారో, వెంట డెనిస్ వచ్చి చేరారు. 1818 సెప్టెంబరులో స్పారో దంపతులు ఇద్దరూ చనిపోయారు. అక్టోబరు 5న నాన్సీ చనిపోయింది.

ఆనాడు దాన్ని పాల జబ్బు అనేవారు. ఎండాకాలం చివర పచ్చిక తగ్గిపోయినప్పుడు ఆవులు అడవి అంచుల్లో పెరిగే వైట్ స్నేక్‌రూట్ అనే మొక్కను మేస్తాయి. దానిలోని ట్రెమెటాల్ అనే విషం పాలలోకి వస్తుంది. వణుకు, వాంతులు, కడుపునొప్పి, చివరికి స్పృహ తప్పడం దాని లక్షణాలు. ఇల్లినాయ్‌లో అన్నా బిక్స్‌బీ అనే వైద్యురాలు 1830లలో ఒక షానీ తెగ స్త్రీ సాయంతో ఆ మొక్కను గుర్తించిందని చెబుతారు. ప్రభుత్వ శాస్త్రవేత్తలు దాన్ని నిర్ధారించింది 1928లో. స్మారక వనంలో కాలిబాట పక్కన ఆ మొక్క ఇప్పటికీ పెరుగుతోంది. నడుము ఎత్తు కాడ, ఎదురెదురుగా రంపపు అంచుల ఆకులు, చివరన దూది పింజల్లాంటి తెల్లని పూల గుత్తులు. అక్టోబరు మొదటి వారం కాబట్టి పూలు ఇంకా రాలలేదు. పేరు తెలియకపోతే ఎవరైనా కోసుకుని సంచిలో వేసుకునేంత అమాయకంగా ఉంది.

సమాధి ఒక చిన్న గుట్ట మీద, ఇనుప కంచెలో ఉంది. హెర్న్‌డన్ 1865 సెప్టెంబరులో వచ్చి చూసినప్పుడు దాని మీద గుర్తు రాయి కూడా లేదు. లింకన్‌కు న్యాయవాద వృత్తిలో భాగస్వామి అయిన హెర్న్‌డన్, అప్పటికి లింకన్ గురించి తెలిసినవారందరి చేతా సాక్ష్యాలు రాయించుకుంటూ ఊరూరా తిరుగుతున్నాడు. ఇప్పుడున్న తెల్ల రాయిని 1879లో పీటర్ స్టూడ్‌బేకర్ అనే పారిశ్రామికవేత్త పెట్టించాడు. తన పేరు రాయించుకోలేదు, ఆమె అమరుడైన కొడుకు మిత్రుడొకడు పెట్టించాడని మాత్రమే చెక్కించాడు. దాని మీద ఆమె వయసు 35 ఏళ్లు అని ఉంది. 1784 ఫిబ్రవరిలో పుట్టి ఉంటే 34 అయి ఉండాలి. ఆమె ఫొటో లేదు, అప్పటికి ఫొటో తీయడమే కనిపెట్టలేదు. ఆమె రూపురేఖల గురించి హెర్న్‌డన్‌కు చెప్పినవారి మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకరికి పొడగరి, మరొకరికి మధ్యస్థం. కళ్ల రంగు మీద కూడా ఏకాభిప్రాయం లేదు.

హెర్న్‌డన్ రాసిన మరొక సంగతి ఈ ప్రయాణమంతటికీ మూలం. 1850 ప్రాంతంలో తామిద్దరూ ఒంటిగుర్రపు బండిలో మెనార్డ్ కౌంటీ కోర్టుకు వెళుతుండగా, తన తల్లి నాన్సీ, లూసీ హ్యాంక్స్‌కూ ఒక వర్జీనియా తోటల యజమానికీ పెళ్లి లేకుండా పుట్టిందని లింకన్ తనతో చెప్పాడని ఆయన తరువాత ప్రకటించాడు. చాలామంది హెర్న్‌డన్‌ను అబద్ధాలకోరు అన్నారు. అయితే లూసీ పేరు ఆయనకు లింకన్ నోటి వెంటే వచ్చి ఉండాలి, ఎందుకంటే మెర్సర్ కౌంటీ కాగితాలు అప్పటికి ఎవరూ తిరగేయలేదు. అంతా కల్పించే మనిషి ఆ పేరునే ఎలా పట్టుకుంటాడు?

సాయంత్రం రోడ్డుకు అటువైపు రాష్ట్ర ఉద్యానవనంలోని పాత బాప్టిస్టు చర్చి సమాధుల దగ్గరికి వెళ్లాము. నాన్సీ కూతురు సారా ఇక్కడ ఉంది. 1826 ఆగస్టులో ఆరన్ గ్రిగ్స్‌బీని పెళ్లాడి, 1828 జనవరి 20న కాన్పులో చనిపోయింది. బిడ్డ కూడా దక్కలేదు. వంశశోధన చేసేవారికి ఈ సమాధి దగ్గరే దారి మూసుకుపోయింది. తల్లి నుంచి పిల్లలకు దిగే మైటోకాండ్రియా డీఎన్‌ఏ కూతుళ్ల ద్వారానే ముందుకు సాగుతుంది. నాన్సీకి ఉన్న ఒక్క కూతురు పిల్లలు లేకుండా పోయింది. కొడుకు అబ్రహాంకు తల్లి డీఎన్‌ఏ వచ్చినా, అది అతని పిల్లలకు వెళ్లదు. లింకన్ వంశంలో చివరివాడు, రాబర్ట్ బెక్‌విత్, 1985లో మరణించాడు. ఆయన దగ్గర కూడా అది ఉండే వీలు లేదు.

అందుకే 2015లో వెలువడిన పరిశోధన వెనక్కి నడిచింది. లూసీ స్పారోల ఇంట కన్న కూతుళ్ల నుంచి, హ్యాంక్స్ ఆడపడుచుల నుంచి కూతుళ్ల వరుసలోనే నేటి దాకా దిగివచ్చినవారిని వెతికి పట్టుకుని పరీక్షించారు. అందరిలోనూ ఎక్స్1సీ అనే అరుదైన గుర్తే కనిపించింది. షిప్లీల ఆడవరుస గుర్తు వేరు. దీనితో లూసీ షిప్లీల ఆడపడుచన్న వాదం కూలిపోయింది, ఆమె జోసెఫ్ హ్యాంక్స్ భార్య యాన్ లీ కన్న కూతురని తేలింది. వీలునామాలో పెయ్య దక్కని కూతురు ఆ ఇంటి పిల్లేనన్నమాట. కాగితాలు పెళ్లిళ్ల వెంట, పొలాల వెంట నడిచి మగవారి పేర్ల దగ్గర ఆగిపోయాయి. నిర్ధారణ మాత్రం ఏ గుమస్తా పుస్తకంలోనూ ఒక వరుసగా రాయని అమ్మమ్మల, అమ్మల, కూతుళ్ల నుంచి వచ్చింది. లూసీకి నాన్సీ కూతురన్న ముడి ఇప్పటికీ సాక్ష్యాల మీద, ముఖ్యంగా లింకన్ మాట మీద నిలిచి ఉంది. రిచర్డ్ బెర్రీ సంరక్షకత్వం, ఎలిజబెత్ పెంపకం, మెర్సర్ కౌంటీ కోర్టు కాగితం, మూడూ ఆ మాటకు సరిపోతాయి.

తిరుగు ప్రయాణంలో బావమరిది, "మరి ఆ వర్జీనియా ఆసామి సంగతేంటి బావా?" అని అడిగాడు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే వై క్రోమోజోము కూతురైన నాన్సీకి రాదు, మైటోకాండ్రియా పరీక్షలో తండ్రి కనిపించడు. హాంప్‌షైర్ కౌంటీ తాకట్టు పత్రంలో గానీ, బార్డ్స్‌టౌన్ వీలునామాలో గానీ అతడి జాడ లేదు. ఆ బండి ప్రయాణంలో అంత సంగతి విన్న హెర్న్‌డన్ కూడా అతడి పేరు రాయలేదు.